కార్బన్ సైకిల్‌లో సీట్‌పోస్ట్ ఎందుకు జారుతుంది, దాన్ని ఎలా నిలబెట్టాలి

(హైదరాబాద్‌లో సైకిల్ రైడర్ల వర్క్‌షాప్‌లో చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభికుల ప్రశ్నలు, జవాబులు.)

అందరికీ నమస్కారం. పొద్దున్నే గండిపేట వైపు తొక్కి, నేరుగా ఇటు వచ్చినవాళ్లు చాలామందే ఉన్నట్టున్నారు. సైకిళ్లు బయటే ఉన్నాయి కాబట్టి మంచిదైంది. టీ తాగే సమయంలో ఎవరి సైకిల్ దగ్గరికి వాళ్లు వెళ్లి, ఇప్పుడు చెప్పబోయే వాటిలో రెండు మూడు అక్కడికక్కడే చూసుకోవచ్చు.

సమస్య మీకు తెలిసిందే. సీటును మోసే గొట్టం, అంటే సీట్‌పోస్ట్, తొక్కుతుండగా మెల్లగా ఫ్రేమ్ లోపలికి జారిపోతుంది. బయల్దేరేటప్పుడు సీటు ఎత్తు సరిగ్గానే ఉంటుంది. ముప్పై నలభై కిలోమీటర్లు తొక్కేసరికి మోకాళ్లు మామూలు కంటే ఎక్కువ వంగుతున్నట్టు ఉంటుంది, మోకాలి చిప్ప ముందు భాగంలో నొప్పి మొదలవుతుంది. అలసట అనుకుని ఊరుకుంటాం. ఇంటికొచ్చి టేపు పెట్టి కొలిస్తే సీటు నాలుగైదు మిల్లీమీటర్లు దిగి ఉంటుంది. వెంటనే ఎలన్ కీ తీసి కాలర్ బోల్టు, అంటే పోస్ట్ చుట్టూ ఫ్రేమ్‌ను నొక్కి పట్టే పట్టీ బోల్టు, ఇంకాస్త బిగిస్తాం. వచ్చే ఆదివారం మళ్లీ దిగుతుంది, మళ్లీ బిగిస్తాం. ఈ వరసలో ఒక రోజు 'టిక్' మని చిన్న చప్పుడు వస్తుంది. లోహపు ఫ్రేమ్ అయితే కాలర్ వంగేది, లేదంటే బోల్టు థ్రెడ్లు పోయేవి. కార్బన్ ఫ్రేమ్‌లో ఆ చప్పుడు పోస్ట్‌దో, పోస్ట్ దిగే ఫ్రేమ్ గొట్టం అయిన సీట్ ట్యూబ్‌దో అయ్యే అవకాశం ఎక్కువ.

అందుకే ఈ రోజు గట్టిగా చెప్పదలచుకున్నది ఒక్కటే. సీట్‌పోస్ట్ జారుతుంటే కీ తీయడానికి ముందు అసలు ఎందుకు జారుతోందో కనుక్కోండి. బోల్టు వదులుగా ఉండటం దానికి ఒక కారణం మాత్రమే. చాలాసార్లు అది కారణం అసలే కాదు.

పోస్ట్‌ను పట్టి ఉంచేది ఏమిటో చూద్దాం. కాలర్ నొక్కే బలం ఒకటి, పోస్ట్‌కూ ట్యూబ్‌కూ మధ్య ఉపరితలాల రాపిడి రెండోది. ఈ రెండూ కలిస్తేనే పట్టు. నూనె చేత్తో ఆవకాయ జాడీ మూత తిప్పుతుంటే ఎంత గట్టిగా పట్టుకున్నా చెయ్యి జారుతుంది, చెయ్యి తుడుచుకుంటే తేలిగ్గా తిరుగుతుంది. ఇక్కడా అంతే. రాపిడి పోయిన చోట నొక్కుడు పెంచుకుంటూ పోవడం అనేది కార్బన్ మీద చేయకూడని పని. కార్బన్ దారాలు వాటి పొడవు వెంట లాగితే అద్భుతంగా తట్టుకుంటాయి. చుట్టూ నుంచి నలిపితే మాత్రం దారాల్ని పట్టి ఉంచిన రెజిన్ పగులుతుంది, పొరలు విడిపోతాయి. పైకి ఏమీ కనిపించకుండా లోపల విడిపోవచ్చు కూడా.

నొక్కే బలం గురించి కొన్ని అంకెలు చెప్తాను, ఇవి తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. చాలా కాలర్ల మీద 5 న్యూటన్ మీటర్లు అని ముద్రించి ఉంటుంది. అది టార్క్, అంటే బోల్టును ఎంత బలంగా తిప్పవచ్చో చెప్పే కొలత. ఎమ్5 బోల్టును, అంటే 5 మిల్లీమీటర్ల బోల్టును, అంత బిగిస్తే అది కాలర్ చెవులు రెంటినీ, అంటే బోల్టు దూరే రెండు కొసల్నీ, సుమారు 5,000 న్యూటన్ల బలంతో దగ్గరికి లాగుతుంది. దాదాపు 500 కిలోల బరువు వేసినంత. చేతిలో ఇమిడే చిన్న కీతో మనం తెచ్చే బలం ఇది! ఇప్పుడు అదే బోల్టు థ్రెడ్లు ఎండిపోయి, చెమటకు తుప్పు పట్టి ఉన్నాయనుకోండి. టార్క్ కొలిచే కీ, అంటే టార్క్ రెంచ్, అదే 5 దగ్గర 'క్లిక్' మంటుంది, కానీ కాలర్‌కు అందే బలం 3,300 న్యూటన్ల దాకా పడిపోవచ్చు. ఎందుకంటే మనం తిప్పే శ్రమలో దాదాపు 90 శాతం బోల్టు తల కింద, థ్రెడ్ల మధ్య రాపిడికే ఖర్చవుతుంది. మిగిలే 10 శాతమే బిగింపుగా మారుతుంది. రెంచ్ కొలిచేది తిప్పుడును, బిగింపును కాదు. కాబట్టి బోల్టు తుప్పుగా ఉంటే రెంచ్ అంకె సరిగ్గానే చూపిస్తుంది, పోస్ట్ మాత్రం జారుతుంది.

ఇక కారణం వెతకడం. ముందుగా, నిజంగా జారుతున్నది పోస్టేనా? కాలర్ పై అంచు దగ్గర పోస్ట్ చుట్టూ ఒక చుట్టు ఇన్సులేషన్ టేపు వేయండి, టేపు కింది అంచు కాలర్‌కు సరిగ్గా తగలాలి. టేపు నుంచి కాలర్ మీదికి నిలువుగా ఒక మార్కర్ గీత కూడా గీయండి. రైడ్ తర్వాత టేపు ముడుచుకుపోయి ఉంటే పోస్ట్ దిగింది. నిలువు గీత పక్కకు తప్పితే పోస్ట్ తిరిగింది. ఈ రెండూ లేకుండా సీటు ఎత్తు మారితే తప్పు పైన ఉంది: సీటు పట్టాల్ని పట్టుకునే క్లాంప్ జారుతోంది, సీటు ముక్కు కిందికో పైకో వాలుతోంది. దాని బోల్టులు వేరు, దాని టార్క్ వేరు. కాలర్‌ను ఎంత బిగించినా అది ఆగదు.

పోస్టే జారుతోందని తేలాక కాలర్‌ను చూడండి. ఈ సైకిల్‌లో అత్యంత చౌకైన భాగాల్లో అదొకటి, చాలాసార్లు దోషి కూడా అదే. బిగించినప్పుడు దాని రెండు చెవుల మధ్య సందు మిగలాలి. చెవులు ఒకదానికొకటి ఆనుకున్నాయంటే బోల్టు బిగుస్తున్నది చెవుల మీదే, పోస్ట్‌కు ఏమీ అందడం లేదు. రెంచ్ క్లిక్ అంటుంది, మనం తృప్తిపడతాం, పోస్ట్ దిగుతూనే ఉంటుంది. చెవులు లోపలికి వంగి 'వి' ఆకారంలో ఉంటే ఆ కాలర్ ఎప్పుడో అతిగా బిగించబడింది, మార్చేయండి. కొత్తది కొనేటప్పుడు ఫ్రేమ్ ట్యూబ్ బయటి కొలత వర్నియర్‌తో కొలిచి తీసుకోండి. 31.8, 34.9 మిల్లీమీటర్లు తరచుగా కనిపించే సైజులు, కానీ కార్బన్ ఫ్రేముల్లో తేడాలున్నాయి, చూపుతో నిర్ణయించకండి. కాలర్ కింది అంచు ఫ్రేమ్ మీద చక్కగా కూర్చుందో లేదో కూడా చూడండి. పైకి ఎత్తుకుని ఉంటే ట్యూబ్ అంచును మాత్రమే నొక్కుతుంది. కీ లేకుండా చేత్తో మూసే క్విక్ రిలీజ్ లివర్ ఉన్న కాలర్‌ను కార్బన్ మీద వాడకండి, ఎంత నొక్కుతున్నామో తెలిసే మార్గం అందులో లేదు.

తర్వాత పోస్ట్ సైజు. 27.2, 30.9, 31.6 ఇవి ఎక్కువగా చూస్తాం. 27.0 కూడా ఒక సైజే, 26.8 కూడా ఉంది. 27.2 ఫ్రేమ్‌లో ఎవరో 27.0 పోస్ట్ పెట్టి అమ్మారంటే చూసి పట్టుకోవడం కష్టం. సెకండ్ హ్యాండ్‌లో కొన్న సైకిల్ అయితే ఇది తప్పకుండా కొలవండి. వర్నియర్‌తో రెండు మూడు చోట్ల, అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి కొలిస్తే పోస్ట్ గుండ్రంగానే ఉందా, ఎక్కడైనా నలిగి కోడిగుడ్డు ఆకారానికి వచ్చిందా అన్నది కూడా తెలుస్తుంది. పరికరం లేకపోతే ఇంకో పద్ధతి ఉంది. కాలర్ పూర్తిగా వదులు చేసి పోస్ట్‌ను లోపలికి తోయండి. మెత్తగా దిగాలి, కానీ పట్టుకుని ఊపితే అటూ ఇటూ కదలకూడదు. చేతికే ఊగుతుందంటే సైజు తప్పు.

ఎంత లోపలికి ఉందన్నది కూడా జారుడులో భాగమే, దీన్ని చాలామంది పట్టించుకోరు. పోస్ట్ మీద కనీస లోతు గీత ఉంటుంది, ఆ గీత ఫ్రేమ్ లోపలే ఉండాలి. అది సరిపోదు. ఫ్రేమ్‌కు కూడా ఒక కనీస లోతు ఉంటుంది, ఎక్కువ ఫ్రేములకు 80 నుంచి 100 మిల్లీమీటర్లు. పోస్ట్ కింది కొస టాప్ ట్యూబ్ (ఫ్రేమ్ పై అడ్డ గొట్టం) అతుకు కంటే కిందికి దిగి ఉండాలి. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే అది పాటించండి. లోతు చాలకపోతే ప్రతి గతుకుకూ పోస్ట్ లోపల ముందుకూ వెనక్కూ ఊగుతుంది, ఊగినప్పుడల్లా రవ్వంత దిగుతుంది. ఇంకా పెద్ద ప్రమాదం, ట్యూబ్ పై అంచు మీద భారమంతా పడి అక్కడ పగుళ్లు రావడం. పొడవు మనుషులు చిన్న ఫ్రేమ్ కొని పోస్ట్‌ను ఆఖరి గీత దాకా లాగి తొక్కుతుంటారు, వాళ్లు దయచేసి పొడవాటి పోస్ట్ తీసుకోండి. దీనికి వ్యతిరేకం కూడా ఉంది: పోస్ట్ మరీ లోతుకు దించితే సీట్ ట్యూబ్‌లో వాటర్ బాటిల్ స్టాండ్ బోల్టులు పోస్ట్‌ను గీకుతాయి. కాబట్టి దించేటప్పుడు తగిలితే బలవంతం చేయవద్దు.

ఇప్పుడు అసలు పని, శుభ్రం చేయడం. కార్బన్ పోస్ట్ జారడానికి ఎక్కువగా కనిపించే కారణం మురికి, నూనె. సర్వీస్‌కు ఇచ్చినప్పుడు లోహపు ఫ్రేమ్ అలవాటు కొద్దీ పోస్ట్‌కు గ్రీజు పూసి పంపడం ఒకటి. ఫ్రేమ్ మెరవాలని సిలికాన్ పాలిష్ కొట్టడం ఇంకోటి. అది కాలర్ సందులోంచి మెల్లగా లోపలికి దిగుతుంది, కంటికి కనపడదు, పట్టు మాత్రం పోతుంది. వానాకాలం నీళ్లు, వెనక చక్రం చిమ్మే బురద, మన చెమట ఎలాగూ ఉన్నాయి.

పోస్ట్ తీసే ముందు పాత ఎత్తును టేపుతో గుర్తు పెట్టుకోండి. ఎలక్ట్రానిక్ గేర్లు ఉన్న సైకిళ్లలో చాలావాటికి బ్యాటరీ పోస్ట్ లోపలే ఉంటుంది, ఒక్కసారిగా లాగితే వైరు తెగుతుంది. కాబట్టి నెమ్మదిగా పైకి తీసి, వైరు కనిపిస్తే ముందు దాన్ని విడదీయండి. పోస్ట్‌ను, కాలర్ లోపలి ముఖాన్ని, సీట్ ట్యూబ్ లోపల పై 10 సెంటీమీటర్లను ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. మొబైల్ రిపేర్ చేసేవాళ్లు సర్క్యూట్ బోర్డులు తుడవడానికి వాడేది ఇదే, కోఠిలో గుజరాతీ గల్లీ ఎలక్ట్రానిక్ షాపుల్లో అడగండి. సర్జికల్ స్పిరిట్ కొనేవాళ్లు లేబుల్ చదవండి, కొన్నిట్లో చర్మం ఎండిపోకుండా నూనె కలుపుతారు, ఆ నూనె మనకు పనికిరాదు. కిరోసిన్ వద్దు, అది ఆరాక కూడా పలుచటి జిడ్డు పొర వదులుతుంది. థిన్నర్, అసిటోన్ అసలే వద్దు, పెయింట్‌నూ పై కోటింగ్‌నూ తినేస్తాయి. ట్యూబ్ లోపలికి చెయ్యి పట్టదు కాబట్టి ఒక కర్రకు పాత కాటన్ బనియన్ గుడ్డ చుట్టి తిప్పండి. గుడ్డ నల్లగా వచ్చినంతసేపు గుడ్డ మార్చి మళ్లీ తుడవాలి. తెల్లగా వచ్చాక ఆపి, ఐదు నిమిషాలు ఆరనివ్వండి.

ఈ ఐదు నిమిషాల్లో పగుళ్లు వెతకండి. మొబైల్ టార్చిని పక్క నుంచి ఏటవాలుగా వేస్తే గీతలు బాగా కనిపిస్తాయి. కాలర్ కూర్చునే చోట పోస్ట్ చుట్టూ అడ్డంగా గీత ఉందా, వేలి గోరుకు తగులుతోందా చూడండి. కాలర్ నొక్కితే మూసుకునేలా సీట్ ట్యూబ్ పై అంచులో నిలువు కోత ఉంటుంది, అది ఎక్కడ ముగుస్తుందో అక్కడ సాధారణంగా చిన్న గుండ్రటి రంధ్రం ఉంటుంది, దాని చుట్టూ చూడండి, పగులు సాధారణంగా అక్కడే మొదలవుతుంది. పొడి దూదిని ఉపరితలం మీద లాగితే తెగిన దారాలు ఉంటే దూది పోగులు చిక్కుకుంటాయి. రూపాయి బిళ్లతో మెల్లగా తట్టుకుంటూ వెళ్తే మంచి చోట గట్టి చప్పుడు, పొరలు విడిన చోట డొల్ల చప్పుడు వస్తుంది. వేరే చోట్ల తట్టి పోల్చుకోండి. పోస్ట్‌లో పగులు దొరికితే ఇక మాటల్లేవు, పారేయండి. దాన్ని ఎవరికీ ఇవ్వకండి, అమ్మకండి, రెండుగా కోసి పారేయండి. ఫ్రేమ్‌లో దొరికితే తొక్కడం ఆపి, కార్బన్ రిపేర్ తెలిసినవాళ్లకు చూపించండి.

అంతా బాగుంటే కార్బన్ అసెంబ్లీ పేస్ట్. జెల్‌లో చాలా చిన్న గట్టి రేణువులు కలిపి ఉంటాయి, వేళ్ల మధ్య రుద్దితే మెత్తటి ఇసుకలా తగులుతుంది. ఆ రేణువులు రెండు ఉపరితలాల్లోనూ నాటుకుని పట్టు పెంచుతాయి. ఫినిష్ లైన్, పార్క్ టూల్, మక్ ఆఫ్, మోటోరెక్స్ లాంటి కంపెనీలు దీన్ని అమ్ముతున్నాయి. ఐదు గ్రాముల పొట్లం ఒక పోస్ట్‌కు సరిపోగా ఇంకా మిగులుతుంది. పోస్ట్ లోపలికి వెళ్లే భాగమంతా, ట్యూబ్ లోపల పై ఐదారు సెంటీమీటర్లు పలుచగా పూయండి, కింద కార్బన్ నేత కనిపించేంత పలుచగా. దట్టంగా పూస్తే అదనపు పట్టేమీ రాదు, పైకి ఉబికి వచ్చి దుమ్ము పట్టుకుంటుంది. పోస్ట్‌ను తిన్నగా దించండి. అటూ ఇటూ మెలితిప్పుతూ దించితే ఆ రేణువులే పోస్ట్ మీద ఉంగరాల్లా గీతలు గీస్తాయి. ఎత్తు సరిచేయాలంటే కాస్త ఎక్కువ లోతుకు దించి పైకి లాగకండి, అనుకున్న గీతకు పై నుంచి మెల్లగా దించండి.

దీనికి ప్రత్యామ్నాయంగా వాహనాల స్పేర్ పార్ట్‌ల షాపులో దొరికే వాల్వ్ గ్రైండింగ్ పేస్ట్ వాడదామని కొందరు అనుకుంటారు, రాణిగంజ్‌లో డబ్బా చౌకగా వస్తుంది కదా అని. అది గ్రీజులో కలిపిన సిలికాన్ కార్బైడ్, ఇంజిన్ వాల్వ్ ఉక్కును అరగదీయడానికి చేసింది. కార్బన్‌ను కోసేస్తుంది. టూత్‌పేస్ట్, ఇసుక, టాల్కం పౌడర్ కూడా వద్దు.

బోల్టుకు మాత్రం గ్రీజు కావాలి. థ్రెడ్లకు కొంచెం, తల కింద కొంచెం. ఇందాక చెప్పిన 3,300, 5,000 తేడా ఇక్కడ సరవుతుంది. ఆ గ్రీజు వేలు పోస్ట్‌కు తగలకూడదు, అందుకే బోల్టు పని ముందే చేసి, చెయ్యి కడుక్కుని పేస్ట్ దగ్గరికి రండి.

టార్క్‌కు వస్తే, ఫ్రేమ్‌కు ఒక గరిష్ఠం, పోస్ట్‌కు ఒకటి, కాలర్‌కు ఒకటి ఉంటాయి. మూడింటిలో అతి తక్కువ అంకె మీకు హద్దు. హద్దు అంటున్నాను, చేరాల్సిన గమ్యం అనడం లేదు. పేస్ట్ ఉన్నప్పుడు చాలాసార్లు దానికంటే తక్కువలోనే పోస్ట్ నిలబడుతుంది. గరిష్ఠం 5 అయితే 3 న్యూటన్ మీటర్లు పెట్టి బిగించండి, తర్వాత 4. రెంచ్‌ను పిడి మధ్యలో పట్టుకుని నెమ్మదిగా లాగండి, క్లిక్ వినగానే ఆపండి, ఇంకోసారి క్లిక్ అనిపించకండి, ప్రతి అదనపు క్లిక్ కొంచెం ఎక్కువ బిగిస్తుంది. రెండు బోల్టుల కాలర్ అయితే ఒకటి మార్చి ఒకటి, కొంచెం కొంచెంగా. ఇప్పుడు సీటు మీద బరువుగా కూర్చుని రెండుసార్లు ఎగరండి, ముక్కు పట్టుకుని పక్కకు తిప్పి చూడండి. కదిలితే అర న్యూటన్ మీటర్ చొప్పున హద్దు దాకా పెంచండి. హద్దు చేరాక కూడా జారితే ఆగిపోండి. ఇంతవరకు చూడనిది ఇంకేదో ఉంది: సైజు, కాలర్, ఫ్రేమ్ ట్యూబ్. దాని దగ్గరికి వెళ్లాలి, 6 దగ్గరికి, 7 దగ్గరికి వెళ్లకూడదు.

పరీక్షించే రైడ్ కూడా సరైన చోట చేయాలి. ఔటర్ రింగ్ రోడ్డు (ఓఆర్‌ఆర్) పక్కన 2023లో ప్రారంభించిన సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ 23 కిలోమీటర్లూ తిరిగొచ్చి పోస్ట్ నిలబడింది అనుకోవద్దు, నున్నటి దారి మీద చెడ్డ పోస్ట్ కూడా నిలబడుతుంది. కాలనీ రోడ్ల మీద చిన్న స్పీడ్ బ్రేకర్లను నెమ్మదిగా, సీటు మీద కూర్చునే దాటండి. పది పదిహేను దాటాక దిగి టేపు చూడండి. మొదటి 30 కిలోమీటర్ల తర్వాత ఒకసారి రెంచ్ పెట్టి చూసుకోండి, పేస్ట్ సర్దుకుని బిగింపు కొద్దిగా తగ్గి ఉండవచ్చు.

వెడ్జ్ ఉన్న ఏరో ఫ్రేముల (గాలిని చీల్చుకుపోయే ఆకారంలో చేసినవి) వాళ్లకు రెండు మాటలు. మీకు బయట కాలర్ ఉండదు, ట్యూబ్ లోపల ఏటవాలు ముక్కలు బోల్టు తిప్పితే ఒకదాని మీద ఒకటి జరిగి పోస్ట్‌ను వెనకనుంచి నొక్కుతాయి. ఇక్కడ ఏ ముఖానికి ఏం పూయాలన్నదే అసలు విషయం. పోస్ట్‌కు తగిలే ముఖానికి పేస్ట్, బోల్టు థ్రెడ్లకు గ్రీజు. ముక్కలు ఒకదాని మీద ఒకటి జారే వాలుకు పలుచగా గ్రీజు పూయమని చాలా మాన్యువల్స్ చెప్తాయి, మీ ఫ్రేమ్ మాన్యువల్ ఏం చెప్పిందో అది చేయండి. అక్కడ ఇసుక చేరి వాలు జరగకపోతే బోల్టు బిగుస్తుంది కానీ వెడ్జ్ విచ్చుకోదు. విప్పేటప్పుడు బోల్టు రెండు మూడు చుట్లు వదులు చేసి, అప్పటికీ పట్టుకుని ఉంటే బోల్టు తల మీద కీతోనే మెల్లగా తట్టండి. పూర్తిగా విప్పేస్తే ముక్క ట్యూబ్ లోపలికి పడిపోతుంది, దాన్ని బయటికి తీయడానికి సగం సైకిల్ విప్పాలి. టార్క్ కూడా కాలర్ ఫ్రేముల్లా 5 అని ఊహించకండి, వెడ్జ్ మీదో మాన్యువల్‌లోనో రాసి ఉన్నదే పాటించండి.

ఇక ప్రశ్నలు.

ప్రశ్న: సార్, టార్క్ రెంచ్ లేకుండా చేతి అంచనాతో చేయలేమా?

జవాబు: కార్బన్ మీద చేయవద్దండి. అనుభవం ఉన్న చెయ్యి కూడా పొట్టి కీతో ఒకలా, పొడుగు కీతో ఒకలా బిగిస్తుంది. రెంచ్ కొనేటప్పుడు 2 నుంచి 20 న్యూటన్ మీటర్ల లాంటి చిన్న శ్రేణిది కొనండి. కార్ల కోసం చేసిన 10 నుంచి 100 దాకా ఉన్నది మనకు పనికిరాదు, 5 దగ్గర అది కొలవనే కొలవదు. ఒకవేళ ఖర్చు ఎక్కువ అనుకుంటే 5 దగ్గర ఆగిపోయే టీ పిడి కీ ఉంటుంది, అది చాలు, మీ హద్దు 5 కంటే తక్కువ కానంతవరకు. క్లిక్ రెంచ్ వాడాక అతి తక్కువ అంకెకు తిప్పి దాచండి, లేకపోతే లోపలి స్ప్రింగ్ అలసిపోయి కొన్నాళ్లకు అబద్ధం చెప్తుంది. నలుగురైదుగురు కలిసి ఒకటి కొనుక్కున్నా పరవాలేదు.

ప్రశ్న: మా దగ్గర మెకానిక్ అన్న శాండ్‌పేపర్‌తో పోస్ట్ కాస్త గరుకు చేస్తే ఆగిపోతుందన్నాడు. చేయించొచ్చా?

జవాబు: ఆయన ఆలోచన తప్పని అనను, నున్నటి మెరుపు కోటింగ్ ఉన్న పోస్టులు నిజంగానే ఎక్కువ జారతాయి. కానీ కోటింగ్ ఎక్కడ అయిపోయి దారాలు ఎక్కడ మొదలవుతాయో చేతికి తెలియదు. దారాలు తెగితే ఆ చోటే పోస్ట్‌కు బలం పోతుంది, వారంటీ కూడా పోతుంది. పైగా ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పేస్ట్ చేసే పని అదే కదా, ఏమీ కోయకుండా. ఫ్రేమ్ ట్యూబ్ లోపల గరుకు కాగితం వేయడం అయితే అసలు ఆలోచించకండి.

ప్రశ్న: నాది కార్బన్ ఫ్రేమ్, అల్యూమినియం పోస్ట్. మీరు చెప్పినదంతా దీనికీ వర్తిస్తుందా?

జవాబు: వర్తిస్తుంది, గ్రీజు బదులు పేస్టే. ఒక విషయం అదనం. కార్బన్, అల్యూమినియం ఒకదానికొకటి తగులుతూ మధ్యలో చెమట ఉప్పు చేరితే అల్యూమినియం తినబడుతుంది, తెల్లటి పొడి పుడుతుంది. ఆ పొడి ఉబ్బి పోస్ట్ లోపల బిర్రుగా పట్టేస్తుంది, జారడం పోయి కదలకపోవడం మొదలవుతుంది. వానలు మొదలయ్యే ముందు ఒకసారి, దసరా తర్వాత ఒకసారి తీసి, తుడిచి, కొత్త పేస్ట్ పెట్టండి.

ప్రశ్న: 31.6 ఫ్రేమ్‌లో 27.2 పోస్ట్ వేసుకోవచ్చా? తొక్కేటప్పుడు హాయిగా ఉంటుందంటారు.

జవాబు: వేసుకోవచ్చు, ఆ కొలతలకు సరిగ్గా చేసిన షిమ్, అంటే మధ్య సందును నింపే గొట్టం, ఉంటే. కూల్ డ్రింక్ డబ్బా కోసి చుట్టడం మాత్రం వద్దు, దాని అంచు ఒకచోట నొక్కి కార్బన్‌ను కోస్తుంది. షిమ్ లోపలా బయటా రెండు వైపులా పేస్ట్ పూయాలి, ఎందుకంటే ఇప్పుడు జారగలిగే ముఖాలు రెండున్నాయి. షిమ్ కోత ఫ్రేమ్ కోతతో ఒకే వరసలో ఉండాలి, లేకపోతే మూసుకోదు. పొడవు కనీసం ఫ్రేమ్ కోరే లోతుకు సరిపోవాలి. పొట్టి షిమ్ వేస్తే దాని కింద పోస్ట్ కొస గాలిలో ఊగుతుంది.

ప్రశ్న: ఎండాకాలం ఇంట్లో సైకిల్‌ను ట్రైనర్ స్టాండ్‌కు బిగించి తొక్కుతాను. బయట రోడ్డు మీద లేని జారుడు దానిమీద వస్తోంది. గతుకులే లేవు కదా?

జవాబు: ఇంట్లో గాలి తగలదు, చెమట ఆరదు, తొడల మీద నుంచి, సీటు కింద నుంచి నేరుగా కాలర్ సందులోకి దిగుతుంది. ట్రైనర్‌లో సైకిల్ పక్కలకు వాలదు కాబట్టి మెలి కూడా పోస్ట్ మీద ఎక్కువ పడుతుంది. ఎదురుగా ఫ్యాన్ పెట్టండి, టాప్ ట్యూబ్ మీద, కాలర్ మీద టవల్ వేయండి. పాత సైకిల్ టైరు లోపలి రబ్బరు ట్యూబ్ ముక్క ఒక నాలుగు సెంటీమీటర్లు కోసి, పోస్ట్ తీసినప్పుడు దానికి తొడిగి, కాలర్ మీదికి దించితే నీళ్లు లోపలికి పోవు. వానల్లో తిరిగేవాళ్లకూ ఇదే. ఆ తొడుగును పదిహేను రోజులకొకసారి పైకి జరిపి బోల్టు తలను చూడండి. తుప్పు మచ్చ కనిపిస్తే ఆ బోల్టు తీసేసి అదే పొడవు, అదే థ్రెడ్ ఉన్న స్టెయిన్‌లెస్ బోల్టు వేయండి, గ్రీజు మర్చిపోకండి.